బుట్ట దిగే సందు

మా వీధి మొదట్లో, ఎడం పక్కన, ఒక మూసుకుపోయిన సందు ఉంది. పగలు దాన్ని చూసి ఎవరూ భయపడరు. పిల్లలు బంతాట ఆడతారు, అనియెల్లో తన కాఫీ కొట్టు ఖాళీ పెట్టెలన్నీ అక్కడే పేరుస్తాడు, పిల్లులు అక్కడే ఈనుతాయి. పొద్దు గూకిందా... ఇక అంతే. బంతి లోపలే ఉండిపోయినా సరే, ఏ పిల్లాడూ వెళ్లి తెచ్చుకోడు. తెల్లారాక చూసుకుందాంలే అంటాడు.

ఎందుకంటే చీకటి పడ్డాక ఆ సందులో బుట్ట దిగుతుంది.

బుట్ట దిగడం మా నేపుల్స్‌లో వింతేమీ కాదు. ఇళ్లేమో ఐదేసి అంతస్తులు. లిఫ్టులుండవు, ఉన్నా అవి పనిచేసిన రోజు పండగే. అందుకని బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతాం. రొట్టెలవాడు అందులో రొట్టె వేస్తాడు, కిందింటావిడ రెండు ఉల్లిపాయలు వేస్తుంది, తాళంచెవి మర్చిపోయి వీధిలో నిలబడ్డ పిల్లలకి తాళంచెవి అందులోనే దిగుతుంది. నా చిన్నప్పుడొకసారి ఒంటికాలి చెప్పుతో బడికి పరిగెత్తానని మా అమ్మ రెండో చెప్పు కూడా బుట్టలోనే దించింది.

కానీ ఆ సందు చివరింట్లో బుట్ట దించడానికి మనిషంటూ ఉండాలి కదా... భూకంపం వచ్చిన ఏడు ఖాళీ అయిన ఇల్లది. కిటికీ రెక్కలు ఊడిపోయాయి. మూడో అంతస్తు బాల్కనీలో అంజూరపు మొక్క మొలిచింది. అయినా దిగుతుంది. అన్ని రోజులూ కాదు. నవంబరు నెల, దీపాలు పెట్టే వేళ, సందులో ఒంటరి మనిషి — ఈ మూడూ కలిసినప్పుడే. ముందు తాడు ఇనుప కమ్మీకి రాసుకునే చప్పుడు వస్తుంది... తర్వాత బుట్ట... మెల్లగా, గాలికి కూడా ఊగకుండా దిగి, సరిగ్గా చెయ్యి అందేంత ఎత్తులో ఆగుతుంది. లోపల తాళంచెవి ఉంటుంది.

తీసుకోకూడదు.

తీసుకున్నవాడు ఒకడున్నాడు. రోక్కో అని, టీవీ యాంటెన్నాలు బిగించేవాడు, మా పేటవాడు కాదు. ఎవరో పనికి పిలిచారనుకున్నాడు పాపం. తాళంచెవి తీసుకున్నాడు, తలుపు తీశాడు, లోపలికి నడిచాడు. ఆ ఇంట్లో గడప దాటాక నేల లేదు. మా ఇళ్లన్నిటి కిందా రాతిలో తొలిచిన గోతులుంటాయి, పాతకాలపు నీళ్ల గుంటలు. భూకంపానికి ఆ ఇంటి మెట్లూ, మెట్ల ముందు నేలా కలిసి ఆ గోతిలోకి కూలిపోయాయి. రోక్కో మూలుగు ఎవరో విని, తాళ్లు వేసి పైకి లాగారు. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఇప్పుడు మార్కెట్ దగ్గర కూర్చుని గొడుగులు అమ్ముతున్నాడు. ఒకసారి నేనే అడిగాను — అంత గొయ్యి ఎదురుగా ఉంటే కళ్లు కనపడలేదట్రా అని.

"మొదటి అడుగు వేసినప్పుడు మెట్టు ఉంది ఇమ్మా," అన్నాడు వాడు. "రెండో అడుగు వేసినప్పుడు లేదు."

వాడి జేబులు వెతికారు, గొయ్యి వెతికారు. తాళంచెవి మాత్రం దొరకలేదు.

ఇమ్మా అంటే నేనే. పూర్తి పేరు ఇమ్మాకొలాతా, కానీ అంత పొడుగు పేరు పిలిచే ఓపిక మా పేటలో ఎవడికీ లేదు. ఆ సందు దాటాక వచ్చే రెండో సందులో, నాలుగో అంతస్తులో ఉంటాను. మా ఆయన పోయాక రెండు గదులు అద్దెకిస్తున్నాను. వీపుకి సంచులు తగిలించుకుని ఊళ్లు తిరిగే కుర్రకారు వస్తుంటారు. నా మోకాళ్ల సంగతి అడక్కండి, దిగానంటే మళ్లీ ఎక్కలేను. అందుకని వాళ్లు కింద గంట కొడితే పైనుంచి బుట్ట దించుతాను. తాళంచెవి తీసుకుని వాళ్లే పైకి రావాలి. అదేం చోద్యమో వాళ్లకి! బుట్టకి ఫోటోలు, తాడుకి ఫోటోలు, పక్కన నిలబడి నవ్వుతూ ఫోటోలు. మా సముద్రాన్ని చూసి కూడా అంత మురిసిపోరు.

మొన్న నవంబరులో పోలండు నుంచి ముగ్గురు స్నేహితులొచ్చారు. యాగోదా, కింగా అని ఇద్దరు ఆడపిల్లలు, తాదెక్ అని ఒక మగపిల్లాడు. ఒకే కాలేజీ వాళ్లు. రైళ్లు మారుతూ, రొట్టె ముక్కలు కొరుకుతూ ఇంత దూరం వచ్చారు.

యాగోదా ఆ గుంపుకి పోలీసు. జనంలో సంచి వీపుకి ఉండకూడదు, పొట్టకి ఉండాలి. చీకటి పడ్డాక ఒక్కరే తిరగకూడదు. కొత్తవాళ్లు ఏమిచ్చినా తాగకూడదు. ఆ పిల్ల నోట్లోంచి 'కూడదు' అనే మాట రాని నిమిషం లేదు. మొదటి రోజు ముగ్గురూ పొట్టకి సంచులు కట్టుకుని వీధిలో నడిచొస్తుంటే అనియెల్లో కొట్టులోంచి అరిచాడు — "పురుళ్లు ఎప్పుడమ్మా? మంత్రసానిని పిలవమంటారా?" అని. తాదెక్‌కి అర్థం కాలేదు కానీ వాడూ నవ్వాడు. వాడికి తిండి పెడితే చాలు, ఎవరేమన్నా నవ్వుతాడు.

కింగా వేరు. పొడుగ్గా, నెమ్మదిగా, మెతగ్గా ఉంటుంది. పిల్లి కనిపిస్తే ఆగుతుంది. తాళ్ల మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తే నోరు తెరుచుకుని ఆగుతుంది. ముసలమ్మ సంచి మోస్తుంటే తను పట్టుకుని వాళ్లింటిదాకా వెళ్లి, మళ్లీ దారి తెలియక అక్కడే ఆగుతుంది. మిగతా ఇద్దరూ రోజుకి పదిసార్లు వెనక్కి వెళ్లి దీన్ని వెతుక్కొచ్చేవాళ్లు. ఏడాదిపాటు ఇటాలియన్ నేర్చుకుందట, అందుకని నాతో ఎక్కువగా మాట్లాడేది అదే, మిగతా ఇద్దరివీ వచ్చీరాని ముక్కలే. నేను మా పేట భాషలోకి దిగానంటే మాత్రం బిక్కమొహం వేసేది. దిగకుండా నేనుండలేను మరి.

వచ్చిన రోజే చెప్పాను వాళ్లకి. "మొదటి సందు మాది కాదు. మూలమీద మేరీమాత దీపం ఉంటుంది చూడండి, ఆ సందు మాది. ముందు సందులోకి పోకండి. ఆ ఇంట్లో నేల కూలిపోయింది."

"దెయ్యం ఉందా సిన్యోరా?" అంది కింగా, కళ్లు ఇంతింత చేసుకుని.

"గొయ్యి ఉంది," అన్నాను. "దెయ్యాన్నైనా బతిమాలుకోవచ్చు. గొయ్యిని బతిమాలలేం."

నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకేం చెప్పను, పరాయి ఊరి పిల్లలకి?

వాళ్లు వెళ్లిపోయే ముందు రోజు... మధ్యాహ్నం నుంచీ ఆకాశం నల్లగా ఉరుముతోంది. సాయంత్రానికి కుండపోత. ఎక్కడో పిడుగు పడ్డట్టుంది, ఠక్కున పేటంతా కరెంటు పోయింది. కొట్లు, కిటికీలు, వీధి దీపాలు, అన్నీ ఒక్కసారి. మేరీమాత దీపం కూడా ఆరిపోయింది. ఈ కాలంలో అదీ కరెంటుదే కదా. మా అమ్మ బతికుండగా నూనె పోసి వెలిగించేది, ఎంత గాలివానొచ్చినా ఆరేది కాదు.

కొవ్వొత్తి వెతుక్కుంటుంటే కిందనుంచి అరుపు. "సిన్యోరా! సిన్యోరా ఇమ్మా!"

బుట్ట దించాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చింది ఇద్దరే.

"మూడోది ఏదే?"

యాగోదా నా మొహం చూసింది, నా వెనక ఖాళీ వంటగది చూసింది. "ఇక్కడికి రాలేదా...?"

"వస్తే నిన్నెందుకు అడుగుతాను?"

మార్కెట్ దగ్గర వాన మొదలవగానే జనం ఒక్కసారి పరుగందుకున్నారట. గొడుగులూ, స్కూటర్లూ, తోపులాట. వెనక్కి తిరిగి చూస్తే కింగా లేదు. ఫోను చేస్తే ఫోను చచ్చిపోయి ఉంది. "పొద్దున్నించీ పిల్లుల వీడియోలే తీసింది సిన్యోరా! ఒసే, చార్జింగ్ అయిపోతోందే అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను!" అంటూ కుర్చీలో కూలబడి ఏడుపందుకుంది యాగోదా. నేపుల్స్‌ని ఊరికే ఆడిపోసుకుంటారు గానీ, ఆ ఫోనుని ఏ దొంగా కొట్టెయ్యలేదు.

తాదెక్ దాని భుజం తట్టి, నాకూ అర్థమయ్యేలా వచ్చీరాని ఇటాలియన్‌లో అన్నాడు. "ఏడవకే. దానికి దారి తెలుసు. సందులోకి వచ్చి నిలబడితే చాలు కదా, బుట్ట దిగుతుంది..."

ఏ సందులో?

నవంబరు నెల. దీపాలు పెట్టే వేళ. ఒంటరి పిల్ల. మేరీమాత దీపం లేకపోతే ఆ సందేదో ఈ సందేదో చీకట్లో నాకే తెలీదు. ఇక ఆ పిల్లకి ఏం తెలుస్తుంది? సందులో నిలబడాలి, తలెత్తి పిలవాలి, బుట్ట దిగుతుంది, తాళంచెవి తీసుకోవాలి, తలుపు తీసుకుని చీకట్లో మెట్లెక్కాలి... ఇన్నాళ్లూ నవ్వుతూ నవ్వుతూ దానికి ఇదే కదా అలవాటు చేశాను!

బాల్కనీలోకి ఎలా వెళ్లానో నాకు తెలీదు. మోకాళ్ల నొప్పి కూడా తెలీలేదు. "ఒరేయ్ అనియెల్లో! టార్చి తియ్యరా! మొదటి సందులోకి పో!"

"ఏమైందే ఇమ్మా, కొంప మునిగినట్టు?"

"పోలండు పిల్లరా... పొడుగుపిల్ల... ఒక్కతే ఉంది బయట!"

వాడు కొట్టు షట్టరు కూడా దించకుండా వానలోకి పరిగెత్తాడు. తాదెక్ మెట్లు మూడేసి చొప్పున దూకుతూ దిగాడు. యాగోదా నా చెయ్యి పట్టుకుంది, దాని గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి. నేను మేరీమాతని తిట్టాను. అవును, తిట్టాను. పిల్ల బయట ఉంటే దీపం ఆర్పుకుని ఏం చేస్తున్నావే తల్లీ అని.

అక్కడ ఏం జరిగిందో కింగా నోటితో విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఒక్క ముక్క కల్పించలేదు.

వాన జోరుకి అది ఒక గుమ్మం కింద ఆగింది. తగ్గాక చూస్తే ఇద్దరూ లేరు. సరే, ఇంటికే వస్తారు కదా అని నడిచింది. దారి సరిగ్గానే పట్టింది. కాఫీ కొట్టు దాటింది, సందులోకి మలుపు తిరిగింది. చివరిదాకా వెళ్లి, మెడ వెనక్కి వంచి పిలిచింది — "సిన్యోరా ఇమ్మా!"

జవాబు లేదు.

ఇంకోసారి పిలవబోయింది... పైన తాడు ఇనుప కమ్మీకి రాసుకున్న చప్పుడు.

బుట్ట దిగింది.

"అమ్మయ్య, విన్నారు అనుకున్నాను సిన్యోరా," అంది కింగా నాతో.

బుట్టలో చెయ్యి పెట్టింది. తాళంచెవి తగిలింది, చల్లగా, బరువుగా. నా తాళంచెవికి ఎర్ర పగడపు కొమ్ము కట్టి ఉంటుంది, దిష్టి తగలకుండా. దీనికి కొమ్ము లేదు, రిబ్బను ముక్క ఉంది. ఇంకో తాళంచెవి కాబోలు అనుకుని తలుపు తడిమింది. అడ్డంగా కొట్టిన చెక్కలు ఒక పక్కకి వేలాడుతున్నాయట. తాళం కన్నం దొరికింది. తాళంచెవి పెట్టబోతుంటే...

"అది నాది."

వెనకనుంచి. గుసగుసగా, బళ్లో నేర్పే ఇటాలియన్‌లో.

కింగా ఉలిక్కిపడి తిరిగింది. గోడకి ఆనుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. తన ఈడుదే. లేత రంగు కోటు, మోచేతికి చిన్న సంచి. తల నిండా, భుజాల నిండా తెల్లగా సున్నం. ఎప్పటినుంచి నిలబడిందో, వచ్చేటప్పుడు ఎలా కనపడలేదో కింగాకి అర్థం కాలేదు.

"అయ్యో, ఏమీ అనుకోకు," అంది. "మా ఇల్లనుకున్నాను. ఇది వేరే సందా?"

"మీది ఇంకా ముందుకెళ్లాలి."

"ఇదిగో మరి, తీసుకో."

ఆ అమ్మాయి చెయ్యి చాపలేదు. తాళంచెవి వైపు చూస్తూ నిలబడింది.

"నా చేతికి రాదు," అంది. "ఎన్నిసార్లు చూశానో... రాదు. అమ్మ దించుతూనే ఉంటుంది. వచ్చినవాళ్లు వాళ్లే తీసుకుని లోపలికి పోతారు. లేకపోతే నన్ను చూసి పారిపోతారు."

నాకైతే అక్కడే ప్రాణం పోయేది. కింగాకి జాలేసిందట! ఏదో జబ్బు చేసిన పిల్ల, చేతులు పనిచెయ్యవు కాబోలు అనుకుందట. "నీకు భయమెయ్యలేదటే?" అని అడిగాను. "ఆడపిల్ల సిన్యోరా... వానలో ఒక్కతే... సొంతింటి గుమ్మంలో నిలబడి లోపలికి వెళ్లలేకపోతోంది. అందులో నేను భయపడటానికి ఏముంది?" అని నన్నే అడిగింది.

"నేను తీస్తానుండు," అంది కింగా. తాళంచెవి తిప్పింది. నిన్ననే నూనె రాసినట్టు తిరిగింది తాళం. తలుపు తెరుచుకుంది. లోపల కటిక చీకటి, తడి రాతి వాసన.

"పైదాకా తోడు రానా?"

"వద్దు!" అంది ఆ అమ్మాయి. అప్పటిదాకా గుసగుసలాడిన గొంతు ఒక్కసారి గట్టిగా మోగింది. "నువ్వు గడప దాటకు. లోపల మెట్లు లేవు."

"మరి నువ్వెలా వెళ్తావు?"

"నాకుంటాయి."

అని, కింగాని రాసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు లేదు. సున్నం కాస్త కింగా చేతి మీద రాలింది. పొడిగా ఉందట. అంత వానలో... పొడిగా.

ఇంకెవరైనా అయితే అప్పుడైనా కాళ్లకి బుద్ధి చెప్పేవాళ్లు. ఇది వెళ్లలేదు. ఈ పిల్లలకి ఒక అలవాటుందట. చీకటి పడ్డాక స్నేహితురాలిని ఇంటి దగ్గర దింపితే, వీధి తలుపు మూసుకోగానే వెళ్లిపోరు. పైన కిటికీలో దీపం వెలిగేదాకా కిందే నిలబడతారు. దీపం వెలిగిందంటే పిల్ల క్షేమంగా ఇంట్లో పడినట్టు. అప్పుడు కదులుతారు. ఎంత చలైనా, ఎంత మంచైనా అంతే. యాగోదా పెట్టిన నియమం కూడా కాదు, వాళ్ల ఊళ్లో ఆడపిల్లలందరూ చేసేదేనట.

అందుకని కింగా సందు మధ్యలోకి వచ్చి, తలెత్తి, నిలబడింది.

దీపం వెలగలేదు.

పేటంతా కరెంటు లేదన్న సంగతి ఆ పిల్ల బుర్రకి తట్టలేదు. వాన మొహం మీద కొడుతోంది. అటు స్నేహితులు తన కోసం వెతుకుతుంటారని తెలుసు. అయినా కదలలేదు. "చేరావా?" అని పిలిచింది. చప్పుడు లేదు... ఇంకోసారి పిలిచింది... లేదు. అప్పుడు ఆ మాట గుర్తొచ్చింది — లోపల మెట్లు లేవు. చేతులు పనిచెయ్యని పిల్ల. చీకటి. పడిపోయిందా? తలుపు తీసి పంపింది తనే కదా?

పరిగెత్తి వెళ్లి తలుపు తోసింది. గడప మీద కాలు పెట్టింది.

ఎదురుగా మెట్లు.

"ఉన్నాయి సిన్యోరా," అంది నాతో, నా చెయ్యి పట్టుకుని. "బూడిదరంగు రాతి మెట్లు. ఎవరో అప్పుడే కడిగి తుడిచినట్టున్నాయి. మీరు నమ్మరు... కానీ ఉన్నాయి."

నేను నమ్మను అని ఎవరన్నారు? రోక్కో మాట విన్నదాన్ని.

"అబద్ధం చెప్పింది, మెట్లున్నాయిగా" అనుకుంది కింగా. వెళ్లి చూసొద్దామని రెండో కాలు ఎత్తింది...

వెనక, సందులో రాళ్ల మీద పసుపుపచ్చటి వెలుగు పడింది.

ఎత్తిన కాలు అలాగే వెనక్కి తీసుకుని, ఒక అడుగు బయటికేసి తలెత్తి చూసింది. మూడో అంతస్తు కిటికీలో దీపం! హమ్మయ్య, చేరింది అనుకుంది. అంతలో ఎవరో దాని సంచి పట్టుకుని బలంగా లాగారు. ఇద్దరూ కలిసి నీళ్లలో పడ్డారు. లాగింది అనియెల్లో. పడ్డచోటునుంచే వాడు టార్చి తలుపులోకి వేశాడు. గడప... గడప అవతల నోరు తెరుచుకున్న గొయ్యి. మెట్లు లేవు. తాడు లేదు. బుట్టా లేదు.

వాళ్లు వచ్చేసరికి నేను సగం చచ్చి ఉన్నాను. యాగోదా ముందు దాన్ని ఒక్కటి పీకింది, తర్వాత కావిలించుకుని భోరుమంది. మా ఆయన ఉన్ని కోటు కింగాకి కప్పాను. గ్యాసు మీద కాఫీ పెట్టాను. కొవ్వొత్తి చుట్టూ అందరం కూర్చున్నాక అది నెమ్మదిగా ఇదంతా చెప్పింది.

"ఇల్లు లేనివాళ్లెవరో అందులో ఉంటున్నారు, అంతే," అంది యాగోదా. "కొవ్వొత్తి వెలిగించుకుని ఉంటారు."

"కొవ్వొత్తి కాదే," అంది కింగా. "బల్బు. ఊగకుండా వెలిగింది."

అందరం కిటికీలోంచి బయటికి చూశాం. వీధి వీధంతా చిమ్మచీకటి. కరెంటు ఇంకా రాలేదు.

"నువ్వు చూశావట్రా దీపం?" అన్నాను అనియెల్లోతో.

వాడు కాఫీలో చక్కెర వేసుకుంటున్నాడు. షుగరు జబ్బున్నవాడు, ఒక చెంచా తర్వాత ఇంకో చెంచా వేస్తూనే ఉన్నాడు. కింగానే అడిగాడు. "కోటు ఏ రంగన్నావు పిల్లా?"

"లేత రంగు... వెన్న రంగు. ముందు పెద్ద పెద్ద గుండీలు."

వాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. భూకంపం నాటికి మా ఇద్దరికీ పదేళ్లు. ఆ కోటుని మర్చిపోతామా? మా సందుల్లో అలాంటి కోటు ఇంకెవరికీ లేదు.

"దాని పేరు లుయిసెల్లా," అన్నాను. ఆ పేరు నోటితో పలికి ఎన్నేళ్లయిందో. "దొన్నా తితీనా ఒక్కగానొక్క కూతురు. నాకు జడలు వేసేది. నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం ఆ కోటు వేసుకుని స్నేహితురాళ్లతో షికారుకెళ్లి ఆలస్యంగా వచ్చింది. తల్లికి కోపమొచ్చింది. బుట్టలో తాళంచెవి వేసి సగం దించింది, దించి మళ్లీ పైకి లాగేసింది. 'కాసేపు కిందే నిలబడు, బుద్ధొస్తుంది' అంది. తల్లులందరం అనే మాటే. మా అమ్మా అనేది, నా కొడుకుని నేనూ అన్నాను. సరిగ్గా అప్పుడే భూమి కదిలింది."

యాగోదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తల్లి నిలబడ్డ గది నిలిచింది. ఇంటి చూరు మొత్తం విరిగి కిందున్న పిల్ల మీద పడింది. ఆ తర్వాత దొన్నా తితీనాని, ఇళ్లు పోయినవాళ్లకి వేసిన రేకుల గదుల్లో ఉంచారు. కొన్నాళ్లు బతికింది, అదీ ఒక బతుకా! పడుకున్నచోటునుంచి చెయ్యి మంచం పక్కకి వేలాడేసి... లేని తాడుని కిందికి వదులుతూనే ఉండేదట, పోయేదాకా."

వాన తగ్గినట్టుంది, చూరు నీళ్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

అప్పుడు కింగా తలెత్తింది. "మరి... తిట్టిందెవరు?"

"ఎవరు తిట్టారు?"

"దీపం వెలగగానే పైన ఒకావిడ గట్టిగా అరిచింది సిన్యోరా. ఇటాలియన్ కాదు... మీరు ఒక్కోసారి మాట్లాడతారే, అలాంటిది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ అమ్మాయిని కొడుతుందేమోనని భయమేసింది."

"ఏమని అరిచింది?"

కింగా కళ్లు మూసుకుంది. అర్థం తెలియని మాటల్ని, చిలక పలికినట్టు, ఒక్కొక్కటే పలికింది. అది మా పేట మాట. ఇప్పటి మాట కూడా కాదు, మా అమ్మమ్మల నాటి మాట. మా పిల్లలకే రాదు. పోలండు నుంచి వచ్చిన పిల్ల నోట, దొన్నా తితీనా సాగదీతతో సహా —

'ఇప్పుడా ఇంటికి రావడం? నీకోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి కదే! చాల్లే, ఏడవకు... ముందా తల దులుపుకో. కూర్చో.'

అనియెల్లో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

యాగోదా నా మోచెయ్యి పట్టుకుని ఊపింది. "ఏమంటోంది సిన్యోరా? కొడుతోందా? పోలీసుల్ని పిలవాలా?"

నేను వంటగుడ్డతో కళ్లు తుడుచుకున్నాను.

"ఎవర్నీ పిలవకు తల్లీ," అన్నాను. "కూతురు ఇంటికొచ్చింది. వాళ్లమ్మ భోజనం వడ్డిస్తోంది."